తీగకాలువకు తీరువ



నీటి తీరువ యననేమో మీకు నేను చెప్పనక్కరలేదు. చెరువు కట్టయు, తూమును, కలుజును, వంతులును మీరు చిన్ననాటినుండి యెఱిగినవే. నేడు నేను ప్రసంగింపబోవు తీరువయు నట్టిదే గాని, నీటికి సంబంధించినది గాదు. తీగవెంబడి పోవు పాటకును, మాటకును, బొమ్మకును చెల్లింపవలసిన తీరువ. దానిని బ్యాండ్‌విడ్త్ రుసుమని యందురు. ఈ రుసుము మూలమున 2024వ సంవత్సరము ఆషాఢమాసమున మా ప్రాంతపు మంచిపని యొకటి మూలబడ నుండెను. అది యెట్లు నిలిచినదో, అందులో నా తప్పెంత యున్నదో మీతో చెప్పుకొందును.

మాది ఉదయగిరికిని ఆత్మకూరునకును నడుమనున్న మెట్టపల్లె. నేను ఇరువదియేండ్లు చెన్నపట్టణమున కంప్యూటరుపని చేసి ఊరు చేరితిని. చేరి చూడగా ఇంటింట అటకమీద పాత టేపుల పెట్టె యొకటి కనబడెను. బుఱ్ఱకథలు, వీధినాటకములు, కోలాటపు పాటలు, పెండ్లిపాటలు, ముసలివారు చెప్పిన కరవు ముచ్చట్లు ఆ టేపులలో నున్నవి. పాడినవారిలో పెక్కుమంది యిప్పుడు లేరు. టేపులకు బూజు పట్టుచుండెను. కొందఱము కలిసి వాటిని శుభ్రపఱచి, 640 గంటల శబ్దమును కంప్యూటరులోని కెక్కించితిమి. ఎవరైనను ఎక్కడనుండియైనను ఉచితముగా వినుటకు వీలు గలిగింపవలెనని తొంబది కుటుంబములవారు కుటుంబమునకు ఏడాదికి 1,200 రూపాయల చొప్పున చందా వేసికొనిరి. మొత్తము 1,08,000 రూపాయలు. కూలినాలి చేసికొనువారును అందులో గలరు. ఆ సొమ్ముతో చెన్నైలో ఒక సర్వరును అద్దెకు తీసికొంటిమి.

సర్వరనగా రేయింబవళ్లు మేల్కొనియుండి, అడిగినవారి కడిగినది తీసి యిచ్చు కంప్యూటరు. దానిని పదిమందితో పంచుకొనక మనమే పూర్తిగా అద్దెకు గైకొన్నచో డెడికేటెడ్ సర్వరని పేరు. ఉమ్మడి బావి కాక సొంతబావి యన్నమాట. చెన్నైలోనే యేల యందురేమో. సముద్రము క్రిందుగా వచ్చు తీగలు అక్కడ గట్టెక్కుచున్నవి. 2002లో చెన్నైనుండి సింగపూరునకు అట్టి తీగ యొకటి నడచినది. కువైటు మొదలగు దేశములకు పొట్టకూటికై పోయిన మనవారు వినవలెనన్నను, ఇచ్చటివారు వినవలెనన్నను అది అనువైన చోటు. దేశములోని యిరువురి నడుమ పోవలసిన మాట విదేశము చుట్టి మరల దేశములోనికి వచ్చు వింతయు మునుపు కలదు. పక్కచేనికి పాఱవలసిన నీరు సముద్రము చుట్టి వచ్చినట్లు. ఆ వృథాను తగ్గించుటకే 2003లో నిక్సీ యను సంస్థ యేర్పడి, దేశములోని సంస్థలు దేశములోనే ఇచ్చిపుచ్చుకొను చోట్లను కల్పించినది.

మా సర్వరు అద్దె నెలకు 6,000 రూపాయలు. అందులో నెలకు 2,000 గిగాబైట్లు బయటికి పంపుకొను హక్కు చేరియున్నది. మించినచో గిగాబైటునకు 5 రూపాయలు. సాధారణముగా మాకు 1,500 మించుట లేదు. ఏడాదికి అద్దె పోను 36,000 రూపాయలు మిగులును. ఆ మిగులును కదల్పక నిలువ చేసి, ఆ సొమ్ముతో మఱికొన్ని టేపుల పని చేయవలెనని మా సంకల్పము.

ఇట్లుండగా ఆ నెల బిల్లు వచ్చినది. వాడుక 11,400 గిగాబైట్లు. మించినది 9,400. చెల్లింపవలసినది అద్దెగాక 47,000 రూపాయలు. కాగితము చూచి మొదట అంకె తప్పుపడినదనుకొంటిని. తప్పుపడలేదు.

ఇచ్చట లెక్క యొకటి విప్పి చెప్పవలెను. సోమశిలలో నీరెంత యున్నదని యడిగినచో ఇన్ని టీఎంసీలని చెప్పుదురు. కాలువలో నెంత పాఱుచున్నదని యడిగినచో ఇన్ని క్యూసెక్కులని చెప్పుదురు. మొదటిది రాశి, రెండవది వేగము. తీగకాలువకును ఈ రెండు కొలతలే. గిగాబైటు రాశి, సెకనుకు ఇన్ని మెగాబిట్లనునది వేగము. సెకనుకు ఒక మెగాబిట్టు చొప్పున ఎడతెగక ముప్పది దినములు పాఱినచో 324 గిగాబైట్ల రాశి యగును. అద్దె యిచ్చువారు కొందఱు రాశినిబట్టి తీరువ వేయుదురు, కొందఱు వేగమునుబట్టి వేయుదురు. ఏ కొలతమీద తీరువ పడుచున్నదో తెలియక సర్వరు తీసికొనుట, శిస్తు తెలియక భూమి కౌలుకు తీసికొనుట వంటిది.

అయితే నీటికిని దీనికిని ఒక భేదము గలదు. మా 640 గంటల శబ్దమును నిలువయుంచుటకు పట్టు చోటు 37 గిగాబైట్లు మాత్రమే. చెరువునీరు వాడినకొలది తరుగును, పాట తరుగదు. ఒక్క పాటనే పదివేలమంది వినినచో పదివేలమార్లు కాలువలో పాఱును, పదివేలమార్లు తీరువ పడును. ధర్మమునకు పెట్టినవాడు తాను పెట్టినదెంతయో గాక, పుచ్చుకొనువారెందఱో చూచుకొనవలసి వచ్చును.

ఆత్మకూరులో చందాదారులము కూడితిమి. ఒకరు సర్వరు మూసివేయుదమనిరి. వేఱొకరు వినువారివద్ద రుసుము పుచ్చుకొందమనిరి. అప్పుడొక యమ్మ లేచి, "మా వాడు కువైటులో రేయి పని ముగించుకొని వచ్చి, వాళ్ల నాయన చెప్పిన కథ విని పండుకొంటాడు. వాడిని దుడ్డు అడుగుతారా?" అనెను. ఆ కథ చెప్పిన పెద్దమనిషి పోయి ఆఱేండ్లయినది. ఎవరును మాటాడలేదు. నేను పదునైదు దినములు గడువడిగితిని.

ఊరిలో కాలువనీరు కడమ చేనికి రాకున్నచో నీరుగట్టువాడేమి చేయును? పార భుజమున వేసికొని కాలువ వెంబడి పైకి నడచును. ఎక్కడ గండి పడినదో, ఎవరు దొంగమడవ పెట్టిరో చూచును. సర్వరునందును అట్లు నడచుటకు దారి యున్నది. ఎవరు, ఎప్పుడు, ఏమి అడిగిరో, ఎంత పుచ్చుకొనిపోయిరో అది పంక్తి తప్పక వ్రాసికొనును. దానిని లాగు అందురు. నేను చిట్టా యందును. ఆ చిట్టాను వారముదినములు చదివితిని.

11,400 గిగాబైట్లలో 6,100 మనుష్యులు పుచ్చుకొన్నవి గావు. యంత్రములు పుచ్చుకొన్నవి. లోకములోని పుటలన్నిటిని తిరిగి తిరిగి కూర్చుకొనిపోవు యంత్రములు గలవు. బాట్లని వాటికి పేరు. వెదకువారికి దారి చూపుటకై కొన్ని వచ్చును. అవి మనకు మేలు చేయునవే. ఇటీవల కృత్రిమబుద్ధికి చదువు నేర్పుటకై వచ్చునవి పెరిగినవి. అవి మా పాటలను ఒక్కమారు పుచ్చుకొని పోయిన బాధలేకుండెను; నాలుగుదినముల కొకమారు 640 గంటలను మొదటినుండి మోసికొనిపోవుచుండెను. ఈ యిక్కట్టు మాకే కాదు. వికీపీడియాను నడపు వికీమీడియా ఫౌండేషనువారు 2025 ఏప్రిలున ప్రకటించినదానిని బట్టి, 2024 జనవరినుండి వారి బొమ్మలు మొదలగువాటిని పుచ్చుకొనుటకగు బ్యాండ్‌విడ్త్ నూటికి 50 వంతులు పెరిగినది. వారికి మిక్కిలి ఖర్చు తెచ్చు రాకపోకలలో నూటికి 65 వంతులు యంత్రములవే. అంతవారికే యట్లున్నప్పుడు మెట్టపల్లెవారి గతి చెప్పనేల?

మఱి 1,900 గిగాబైట్లు ఒక చేతిఫోను అప్లికేషను మూలమున పోయినవి. ఎవరో జానపదగీతముల పేర అప్లికేషను చేసి, అందులో ప్రకటనలు పెట్టుకొని, పాటలు మాత్రము మా సర్వరునుండి వచ్చునట్లు కట్టుకొనిరి. పంట వారిది, నీరు మనది, తీరువ మనది.

మిగిలినవి 3,400. ఇవి మన శ్రోతలవే. వీటిలో 1,800 నిజముగా విన్నవి. తక్కిన 1,600? ఇచ్చట నేను తలవంపవలసి వచ్చినది. జ్యేష్ఠమాసమున మొదటి పుటను అందముగా దిద్దితినని సంతోషించితిని గదా, ఆ దిద్దుటలో, పుట తెఱచినంతనే అందున్న పాటలన్నియు వినుటకు ముందుగానే దిగివచ్చునట్లు పెట్టితిని. వచ్చినవాడు ఒక్కటియు వినక పోయినను పాటలు పూర్తిగా కాలువలో పాఱినవి. పైగా, వాడుక హద్దునకు దగ్గఱయైనప్పుడు జాబు వచ్చునట్లు హెచ్చరిక పెట్టుకొను వీలు సర్వరులో నుండెను. నేను పెట్టుకొనలేదు.

రెండవమారు కూడినప్పుడు ఈ లెక్కయంతయు సభలో చదివితిని. ఒకనాడు చెరువు వంతులు చూచిన పెద్దాయన యొకరు, నాకు పెదనాయన వరుస, నిదానముగా విని, "అంటే తూమెత్తి పండుకొన్నది నీవే గదా నాయనా?" అని యడిగెను.

"కొంతమేరకు నేనే పెదనాయనా," అంటిని.

"ఎంతమేరకు?"

"1,600 గిగాబైట్లు. 8,000 రూపాయలు."

"అది నీవు పెట్టుకో. తక్కినది ఊరు చూచుకొంటుంది," అనెను. తక్కిన 39,000లో నిలువసొమ్ము 36,000 పోయినది. 3,000 అప్పటికప్పుడు సభలో పోగుచేసిరి. ఆ యేడు కొత్తటేపుల పని జరుగలేదు.

అద్దె యిచ్చువారు మాకు రెండు దారులు చూపిరి. నెలకు 14,000 రూపాయలిచ్చినచో కొలతలేని కాలువ. ఎంత పాఱినను అడుగరు. ఇది యొకటి. రెండవది వేగమునుబట్టి తీరువ. దాని లెక్క వినదగినది. అయిదేసి నిమిషముల కొకమారు వేగమును కొలుతురు. ముప్పది దినములకు 8,640 కొలతలగును. వాటిని పెద్దదానినుండి చిన్నదానివఱకు వరుసగా పేర్చి, పైనున్న నూటికి అయిదు వంతులను, అనగా 432 కొలతలను, త్రోసివేయుదురు. ఆ తరువాత నిలిచిన పెద్దకొలతమీద తీరువ. 432 కొలతలనగా 36 గంటలు. నెలలో 36 గంటల వఱద మన్నింపబడునన్నమాట. శివరాత్రి జాగరమునాడు వేలమంది ఒక్కమారుగా వినినను ఆ రాత్రికి తీరువ లేదు. కాని యంత్రములు రేయింబవళ్లు ఒకే తీరున తోడుచున్నప్పుడు ఈ మన్నింపు దేనికిని పనికిరాదు. 36 గంటలు కొట్టివేసినను 37వ గంటయు అంతే నిండుగా నుండును.

అప్పుడు నాకు పోరుమామిళ్ల శాసనము జ్ఞప్తికి వచ్చినది. విజయనగరపు బుక్కరాయల కుమారుడు భాస్కరుడు, భవదూరుడని మఱియొక పేరు గలవాడు, మన ఉదయగిరిలో నుండి యేలుచు పోరుమామిళ్లలో పెద్దచెరువు కట్టించెను. ఆ శాసనము 1369వ సంవత్సరమునాటిది. వేయిమంది కూలీలును, నూఱు బండ్లును పెట్టి రెండేండ్లలో కట్టినట్లందు చెప్పబడినది. చెరువునకు గుణములెన్నో దోషములెన్నో కూడ అందు వ్రాయించిరి. ఆఱు దోషములలో రెండు మాకు సరిగా తగిలినవి. నీరు కొంచెమై ఆయకట్టు విస్తారమగుట యొక దోషము; నీరు విస్తారమై నేల కొంచెమగుట మఱియొక దోషము. కొలతలేని కాలువకు ఏడాదికి 1,68,000 రూపాయలు. మన చందా 1,08,000. మన చేను ఎకరము. దానికి పెన్న నంతయు త్రిప్పుకొనుట యెందులకు? కాలువ పెద్దది చేసినచో గండి మూసుకొనదు. గండిలోను ఎక్కువ పాఱును. కనుక ఉన్న కాలువనే యుంచి గండ్లు పూడ్చుటకు నిశ్చయించితిమి.

మొదట నా తప్పు దిద్దుకొంటిని. అది యొక్క పంక్తి మార్పు, అరగడియ పట్టలేదు. అప్లికేషనువారి సంగతియు తేలికగనే తీఱినది. పాట అడిగినవాడు ఏ పుటనుండి వచ్చి యడుగుచున్నాడో చాలమట్టుకు సర్వరునకు తెలియును. మన పుటనుండి కాక వచ్చినవారికి పాటకు మాఱుగా, ఇది ఫలాని చోట ఉచితముగా దొరకునని చెప్పు చిన్న మాట వినబడునట్లు చేసితిని. పదిదినములలో వారు మా పాటలను తీసివైచుకొనిరి.

యంత్రములతోడి పోరాటమే కష్టమైనది. ఊరి పొలిమేరను పలక నాటినట్లు, సర్వరు వాకిట రోబోట్స్ అను చిన్న పత్రము నుంచి, ఎవరెక్కడికి రావచ్చునో రాకూడదో వ్రాయు మర్యాద 1994 నుండి యున్నది. 2022లో అది సక్రమమైన ప్రమాణముగ గూడ వెలువడినది. కాని పలక చదువుట చదువకపోవుట వచ్చినవాని మర్యాదమీద నాధారపడును. మర్యాదగలవి చదివి తొలగినవి. లేనివి చదివియు లోపలికి వచ్చినవి. వాటి చిరునామాలు చూచి తలుపు వేసితిని. కొన్ని మనుష్యుల వేషము వేసికొని వచ్చినవి. కాని యే మనుష్యుడు గంటలో 300 పాటలు వినును? కాబట్టి ఒక్కొక్క చిరునామాకు గంటకిన్ని యని వంతు పెట్టితిని. వంతు పెట్టుటలో ఒక చిక్కు గలదు. చేతిఫోనులవారు పెక్కుమంది ఒకే చిరునామాతో బయటికి కనబడుట కలదు. వంతు మిక్కిలి బిగించినచో మనవారికే పాట యందదు. రెండుమార్లు సడలించి చూచుకొనవలసి వచ్చినది. ఈ పని నేటికిని ముగియలేదు. ఎలుకకలుగులు పూడ్చుట వంటిది.

అన్నిటికంటె మేలు చేసినది బరువు తగ్గించుట. 2016 సెప్టెంబరున జియోవారు రంగములోనికి వచ్చిన పిమ్మట ఫోను డేటా చౌకయైనది. చౌకయైనది గదా యని మేము పాటల బరువు పెంచితిమి. సెకనుకు 128 కిలోబిట్ల చొప్పున ఒక గంట శబ్దము 57.6 మెగాబైట్లు. పాతటేపులోని మనుష్యకంఠమునకు అంత యక్కఱలేదు. 2012లో ప్రమాణముగా వెలువడిన ఓపస్ అను పద్ధతిలో 32 కిలోబిట్లకు కుదించి, కన్నులు మూసికొని వినుడని పదిమంది ముసలివారికి వినిపించితిని. తేడా యెవరును కనిపెట్టలేదు. ఒకరు మాత్రము ఇదే బాగున్నదనిరి. గంట శబ్దము 14.4 మెగాబైట్లకు దిగినది, నాలుగవ వంతు. కుదింపని అసలుప్రతులను రెండు డిస్కులలోని కెక్కించి రెండూళ్లలో రెండిండ్ల నుంచితిమి. వాటి నెన్నడును కాలువలోనికి వదలము.

అక్షరముల సంగతియు చూచితిని. కంప్యూటరులో ఆంగ్లాక్షరమున కొక బైటు చాలును. ఇప్పుడు వాడుకలోనున్న యూటీఎఫ్-8 పద్ధతిలో మన తెలుగు చిహ్నమునకు మూడు పట్టును. 'అమ్మ' అని వ్రాసినచో అకారమొకటి, మకారములు రెండు, నడుమ పొల్లొకటి, వెరసి పండ్రెండు బైట్లు. ఆంగ్లమున తల్లి నాఱక్షరములతో వ్రాసినను ఆఱే బైట్లు. ఇది కొంత బాధగా తోచినను, పంపుటకు ముందు పుటలను మడతపెట్టి పంపు ఉపాయము గలదు. మా పుటలు అందువలన అయిదవ వంతునకు దగ్గఱగా దిగినవి. నిజమునకు అక్షరమువలన మోసపోవువాడు లేడు. మేము మునుపు పంపిన ఒక్కగంట పాట బరువుతో కోటి తొంబదిరెండు లక్షల తెలుగు చిహ్నములు పంపవచ్చును. అందుచేత ప్రతి కథకును ముందు నాలుగు పంక్తులలో విషయము వ్రాసితిమి. చదివి, తనకు కావలసినది కాదని తెలిసికొన్నవాడు పాట తెఱవడు.

మరుసటి నెల 2,300 గిగాబైట్లయినది. 1,500 రూపాయలు అదనముగ చెల్లించితిమి. ఆ పిమ్మటి నెలనుండి 900కు అటునిటుగా నిలిచినది.

ఒక లాభము మేము కోరకయే వచ్చినది. ఉదయగిరి దుర్గపు కొండచాటు పల్లెలలో ఫోను అలలు బలముగా నందని చోట్లు గలవు. అక్కడ మా పాట నాలుగు మాటలు వచ్చి ఆగుచుండెనట. ఒకరును మాకు చెప్పలేదు. బరువు తగ్గిన పిమ్మట ఒక ముసలమ్మ మనుమనిచేత ఫోను చేయించి, "ఇన్నాళ్లకు మీ పాట నడిచింది" అని చెప్పించెను. మేము తీరువ మిగుల్చుకొంటిమనుకొంటిమి. ఆమెకు అది పాటయైనది.

ఇప్పుడు వాడుక సగమైనప్పుడొకటి, ముక్కాలైనప్పుడొకటి, తొంబదివంతులైనప్పుడొకటి హెచ్చరికలు వచ్చును. 2,000 నిండినచో మూసివేయక, కాలువ తనంతట సన్నగిల్లునట్లు పెట్టితిమి. హెచ్చరిక నా ఒక్కనికే వచ్చుట తగదని పెదనాయనయే చెప్పెను. మూడు ఫోనులకు వచ్చును. ఆయన ఫోను అందులో నొకటి. ఆయనకు ఎనుబది దాటినవి. చీకటి విడక మునుపే సగమైనట్లు జాబు వచ్చినను నాకు ఫోను చేసి, "తూము చూచితివా నాయనా?" అని యడుగును. చూచితినని చెప్పి, లేచిపోయి చూతును.